సంతకాలయ్యాకే అసలు పని: మిజో ఒప్పందం బతికింది, 1993 బోడో ఒప్పందం చచ్చింది, ఎందుకు?

చిత్తుప్రతి:
రెండూ ఒకే రాజ్యాంగం కింద, ఏడేళ్ల తేడాతో కుదిరినవే. 1986 జూన్ 30న మిజోరంలో సాయుధ తిరుగుబాటు నడిపిన మిజో నేషనల్ ఫ్రంట్‌తో కుదిరిన ఒప్పందం ఇప్పటికీ నిలబడి ఉంది. 1993 ఫిబ్రవరి 20న కోక్రాఝార్‌లో అస్సాంలోని బోడో తెగ నాయకులతో కుదిరినది మూడేళ్లకే కాగితమైపోయింది, పదేళ్లకి కొత్తది రాసుకోవాల్సి వచ్చింది.

"చిత్తశుద్ధి లేదు" అనే జవాబు దయచేసి వద్దు. ఏ క్లాజు ఏ చట్టంలోకి వెళ్లింది, వెళ్లనిది ఎక్కడ ఇరుక్కుంది, ఒక పక్షం అలిగి కూర్చుంటే మిగతా యంత్రం నడిచిందా ఆగిందా, ఇదీ నాకు కావాల్సింది. నాయకుల గుణగణాలకు వేరే థ్రెడ్ ఉంది.

తూర్పుగాలి:
మిజో ఒప్పందంలో మొదట చూడాల్సింది వరస. ఫ్రంట్ అజ్ఞాతం వదిలి ఆయుధాలు అప్పగించాలి, పార్టీ నియమావళిని చట్టానికి తగ్గట్టు మార్చుకోవాలి, ఈశాన్యంలోని ఇతర సాయుధ సంస్థలకు సాయం ఆపాలి. ఆ తర్వాతే రాష్ట్ర హోదా. కానీ తుపాకీ దించిన మర్నాడు చేతిలో ఏమీ లేకపోతే ఎవడు దించుతాడు? అందుకని మధ్యలో ఒక మెట్టు కట్టారు. 1986 ఆగస్టులో కాంగ్రెస్ ముఖ్యమంత్రి లల్ థన్హవ్లా ఒక మెట్టు దిగి ఉపముఖ్యమంత్రి అయ్యారు, ఫ్రంట్ నాయకుడు లాల్‌డెంగా ముఖ్యమంత్రిగా కూర్చున్నారు. గెలిచిన పార్టీ, ఎన్నికలకు ముందే, నిన్నటి తిరుగుబాటు నాయకుడికి కుర్చీ ఖాళీ చేయడం మన దేశంలో మళ్లీ జరిగినట్టు నాకు గుర్తు లేదు.

ఆ వెంటనే 53వ రాజ్యాంగ సవరణ, 371-జీ అధికరణ. మిజోల మత, సామాజిక ఆచారాలు, ఆచార చట్టం, ఆ చట్టం ప్రకారం జరిగే సివిల్ క్రిమినల్ న్యాయం, భూమి యాజమాన్యం, బదిలీ: ఈ విషయాల్లో పార్లమెంటు చట్టం మిజోరంలో అమలు కావాలంటే అక్కడి శాసనసభ తీర్మానం చేయాలి. తాళం చెవి ఎవరి దగ్గరుందో గమనించండి. ఢిల్లీ కమిటీ దగ్గర కాదు, గవర్నర్ దగ్గర కాదు, ఎన్నికైన సభ దగ్గర. సభలో 40 మందికి తగ్గకూడదని కూడా అదే అధికరణలో ఉంది. 1987 ఫిబ్రవరి 20న రాష్ట్రం వచ్చింది. అదే నెల ఎన్నికల్లో ఫ్రంట్‌కి 40లో 24 సీట్లు.

అసలు పరీక్ష 1988లో. ఫిరాయింపులతో లాల్‌డెంగా ప్రభుత్వం పడింది, రాష్ట్రపతి పాలన పెట్టారు, 1989 జనవరి ఎన్నికల్లో ఫ్రంట్ ఓడింది. మళ్లీ అడవికి పోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. పోలేదు. ఎందుకంటే ఓడితే పదవి పోయింది గానీ రాష్ట్రం పోలేదు, 371-జీ పోలేదు. 1998లో జోరాంథాంగా నాయకత్వంలో ఓట్లతోనే తిరిగొచ్చారు.

లెక్కలమాస్టారు:
తూర్పుగాలి గారి వివరణ బాగుంది. బోడో సంగతి నేను చెబుతాను. అక్కడ చంపింది ఒకే ఒక్క ఖాళీ: సరిహద్దు.

1993 ఒప్పందం బోడోలాండ్ స్వయంప్రతిపత్తి మండలి ఇస్తామంది. ఏ ఊళ్లు అందులోకి వస్తాయో చెప్పే జాబితా మాత్రం జత చేయలేదు. సూత్రం ఒక్కటే రాశారు: గిరిజనులు సగం, ఆపైన ఉన్న ఊళ్లు, వాటిని కలపడానికి అవసరమైనవి మరికొన్ని. సంతకాల తర్వాత లెక్క మొదలైంది. ప్రభుత్వం 2,570 ఊళ్లతో సరిహద్దు గీసింది. బోడో సంఘాలు ఇంకో 515 ఊళ్లు కావాలన్నాయి, అవి లేకపోతే ప్రాంతం ముక్కలవుతుందని. వాటిలో బోడోలు మైనారిటీ అని ప్రభుత్వం. అంతర్జాతీయ సరిహద్దు వెంట పది కిలోమీటర్ల పట్టీ మీద వేరే గొడవ. గీత తేలనప్పుడు నియోజకవర్గాలు ఎలా గీస్తారు? అవి లేకుండా ఎన్నికెలా పెడతారు? ఆ మండలికి ఒక్కసారి కూడా ఎన్నికలు జరగలేదు. ఆసాంతం నామినేటెడ్ మనుషులే నడిపారు.

ఇంకో విషం ఆ "సగం" అన్న మాటలోనే ఉంది. ఊరు మనదా కాదా అన్నది తలల లెక్క మీద ఆధారపడితే, తలల లెక్క మార్చాలన్న ఆశ ఎవరికో ఒకరికి పుడుతుంది. 1994లో, 1996లో ఆ జిల్లాల్లో జరిగిన హింసకు ఇదొక్కటే కారణమనను, కానీ ఒప్పందం రాసినవాళ్లు దాన్ని ముందే ఊహించి ఉండాల్సింది.

మూడో సంగతి: ఆ మండలి పుట్టింది అస్సాం శాసనసభ చట్టంతో. శాసనసభ ఇచ్చినదాన్ని శాసనసభే కుదించగలదు. నిధులూ అస్సాం రాజధాని దిస్పూర్ చేతి మీదుగానే.

చిత్తుప్రతి:
2003లో వీటిని సరిదిద్దారా?

లెక్కలమాస్టారు:
చాలావరకు. 2003 ఫిబ్రవరి 10న బోడో లిబరేషన్ టైగర్స్ అనే సాయుధ సంస్థతో కుదిరిన ఒప్పందంలో ఊళ్ల సంఖ్య ముందే పెట్టారు, 3,082. మండలిని రాష్ట్ర చట్టం కింద కాకుండా ఈశాన్య గిరిజన ప్రాంతాల స్వయంపాలన మండళ్లకు చోటిచ్చే రాజ్యాంగం ఆరో షెడ్యూల్లోకి తెచ్చారు, అదే ఏడాది పార్లమెంటు సవరణ చేసింది. డిసెంబర్ 6న 2,641 మంది ఆయుధాలు అప్పగించారు, మర్నాడే తాత్కాలిక మండలి కూర్చుంది. మిజోరంలో వాడిన మెట్టే ఇక్కడా వాడారన్నమాట.

అయితే కొత్త చిక్కు సీట్ల పంపకంలో దాగింది. 46 మందిలో 40 మంది ఎన్నికైనవారు. ఆ 40లో 30 గిరిజనులకు, 5 గిరిజనేతరులకు, 5 అందరికీ. ఆ ప్రాంత జనాభాలో బోడోలు సగం కూడా లేరు. బోడోలు కానివారికి భూమి, ఓటు హక్కులు ఎలా కాపాడతారన్నది మాటల్లో ఉంది, దాన్ని చూసే సంస్థ లేదు. 2012లో ఆ జిల్లాల్లో జరిగిన హింసలో నాలుగు లక్షల మంది ఇళ్లు వదిలి శిబిరాలకు చేరారు. సంతకం పెట్టిన రెండు పక్షాల మధ్య ఒప్పందం నిలిచింది, సంతకం పెట్టని పక్కింటివాడి మీద విరిగింది.

తూర్పుగాలి:
ఆ పక్కింటివాడి చిక్కు మిజోరంలోనూ ఉంది. మైనారిటీలకు రాజ్యాంగం ఇచ్చిన హక్కులు కొనసాగుతాయని 1986 ఒప్పందంలోనే ఉంది, లై, మారా, చక్మా తెగల జిల్లా మండళ్లు నడుస్తున్నాయి. హ్మార్లనే మరో తెగకు అలాంటి మండలి లేకపోయింది. వాళ్లతో 1994లో వేరే ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది.

మూసీఒడ్డు:
ఇంత దూరం పోవుడెందుకు, మన ఇంట్లనే ఒక కేసు ఉంది గదా. 1956 ఫిబ్రవరి 20 పెద్దమనుషుల ఒప్పందం. నాలుగేసి మంది అటు, ఇటు. గోపాలరెడ్డి, సంజీవరెడ్డి, లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు ఒక దిక్కు. బూర్గుల, కేవీ రంగారెడ్డి, చెన్నారెడ్డి, జేవీ నర్సింగరావు ఇంకో దిక్కు. క్లాజుల వారీగ చూస్తే జబ్బు సాఫ్‌గ కనవడ్తది.

ముఖ్యమంత్రి ఒక ప్రాంతమైతే ఉపముఖ్యమంత్రి ఇంకో ప్రాంతం అని రాసుకున్నరు. ఏ చట్టంల పెట్టిన్రు? ఏ చట్టంల లేదు. సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి పదవి ఆరో వేలు అన్నరు, ముచ్చట ఖతం. 1960ల సంజీవయ్య వచ్చినంక గాని రంగారెడ్డి ఆ కుర్చీల కూసోలె.

ప్రాంతీయ మండలి అన్నరు. అది 371 అధికరణ కింద 1958 రాష్ట్రపతి ఉత్తర్వుతోని ప్రాంతీయ సంఘం అయింది. తెలంగాణ ఎమ్మెల్యేలే సభ్యులు. ప్రభుత్వానికి, సంఘానికి తేడా వస్తె గవర్నర్ మాటే ఆఖరు. అంటే సంఘం సలహా చెప్తది, చెక్కు మీద సంతకం వేరేటోనిది.

ఉద్యోగాలల్ల స్థానికత అన్నరు, 1957ల పార్లమెంటు చట్టం చేసింది. 1969 మార్చిల సుప్రీంకోర్టు తెలంగాణకు సంబంధించిన భాగాన్ని కొట్టేసింది. అప్పటికే రోడ్ల మీద ఉద్యమం నడుస్తుంది. తెలంగాణ మిగులు నిధుల లెక్క తియ్యుమని కుమార్ లలిత్‌కు ఒకపాలి, జస్టిస్ భార్గవకు ఒకపాలి ఇచ్చిన్రు, ఇద్దరి అంకెలు కలవలె. ఉమ్మడి ఖర్చు ఎట్ల పంచాల్నో 1956లనే రాసుకుంటె ఆ తండ్లాట ఉండకపోవు.

కృష్ణాతీరం:
మూసీఒడ్డు గారూ, అది శాంతి ఒప్పందం కాదు కదండీ. తుపాకులు లేవు, యుద్ధం లేదు. రెండు ప్రాంతాల కాంగ్రెస్ నాయకుల మధ్య ఒడంబడిక. దాన్ని మిజోరంతో కలిపితే పోలిక వంకరపోతుంది. ఇంకో సంగతి: 1972లో ముల్కీ నిబంధనలు (ఉద్యోగాలు స్థానికులకే అన్న పాత హైదరాబాద్ రాష్ట్ర నియమాలు) చెల్లుతాయని సుప్రీంకోర్టు అన్నాక కోస్తాలో వచ్చిన ఉద్యమాన్ని వదిలేస్తే సగం కథే అవుతుంది.

మూసీఒడ్డు:
తుపాకులు లేవు, ఒప్పుకుంట. జై ఆంధ్ర సంగతీ ఒప్పుకుంట. నేను చెప్పేది యంత్రం గురించే. 1973 సెప్టెంబర్ 21 ఆరు సూత్రాలు సూడున్రి. అవి 32వ సవరణతోని 371-డీ అయినయి, 1975ల రాష్ట్రపతి ఉత్తర్వు, 6 జోన్లు, కింది పోస్టులల్ల 80 శాతం దాకా స్థానికులకు, కొట్లాటలకు పరిపాలనా ట్రిబ్యునల్. 1956 కంటె ఎంతో గట్టిగ రాసిన్రు. అయినా 1985 డిసెంబర్‌ల, స్థానికేతరులను వాళ్ల జోన్లకు వాపస్ పంపుమనే 610 జీవో ఎందుకియ్యాల్సి వచ్చింది? ఉల్లంఘన జరిగితె పట్టుకునే పని ఎవ్వరి డ్యూటీ కాదు గాబట్టి. నష్టపోయినోడు ట్రిబ్యునల్‌కు పోవాలె, శాఖ తనంతట తాను ఏటా లెక్క చెప్పే నియమం లేదు. హక్కు రాజ్యాంగంల ఉన్నది, కాపలాదారు లేడు.

చిత్తుప్రతి:
పోలికకు పనికొస్తుంది, ఉంచుదాం. మరి కాపలాదారు, గణితం, వీటో, అన్నీ రాసిపెట్టుకున్న ఒప్పందం ఏమైంది? ఉత్తర ఐర్లాండ్ తెలిసినవాళ్లు చెప్పాలి.

వానాకాలం:
1998 ఏప్రిల్ 10 బెల్‌ఫాస్ట్ ఒప్పందం. అక్కడ రెండు వర్గాలు: బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టులు (ఎక్కువగా ప్రొటెస్టెంట్లు), ఐర్లాండ్‌తో కలవాలనే నేషనలిస్టులు (ఎక్కువగా క్యాథలిక్‌లు). మే 22న రెండు వైపులా రెఫరెండం, ఉత్తర ఐర్లాండ్‌లో 71 శాతం, దక్షిణాన ఐర్లాండ్ రిపబ్లిక్‌లో 94 శాతం ఔనన్నారు. ఆ తర్వాత బ్రిటిష్ పార్లమెంటు 1998 చట్టం. చాలామంది "అధికారం పంచుకున్నారు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఎలా పంచుకున్నారో చూస్తేనే దాని తెలివీ, తెలివితక్కువతనమూ తెలుస్తాయి.

మంత్రిపదవుల పంపకంలో బేరమే లేదు. డీ-హోంట్ అనే భాగహార పద్ధతి. ప్రతి పార్టీ సీట్లను 1తో, 2తో, 3తో భాగించుకుంటూ పోవాలి. వచ్చిన అంకెల్లో పెద్దది ఎవరిదైతే వాళ్లది మొదటి ఎంపిక, తర్వాతి పెద్దది ఎవరిదైతే వాళ్లది రెండోది. 1998 సభలో అల్‌స్టర్ యూనియనిస్టులకు 28, ఎస్‌డీఎల్‌పీకి 24, డీయూపీకి 20, షిన్ ఫేన్‌కు 18 (మొదటిదీ మూడోదీ యూనియనిస్టు పార్టీలు, మిగతా రెండూ నేషనలిస్టులవి). మొదటి నాలుగు ఎంపికలు అదే వరసలో. అయిదోది 28ని 2తో భాగిస్తే 14, మళ్లీ అల్‌స్టర్‌కి. తర్వాత 12 ఎస్‌డీఎల్‌పీది, 10 డీయూపీది, 9.33 అల్‌స్టర్‌ది, 9 షిన్ ఫేన్‌ది, చివరికి 8 ఎస్‌డీఎల్‌పీది. పది పదవులు: 3, 3, 2, 2. ఏ శాఖ కావాలో ఆ వరసలో ఎవరికివారే ఎంచుకుంటారు, పక్కవాడు కాదనలేడు. 1999 నవంబర్ 29న షిన్ ఫేన్ తన మొదటి ఎంపికగా విద్యాశాఖ తీసుకుని మార్టిన్ మెక్‌గిన్నెస్‌ను కూర్చోబెట్టింది. యూనియనిస్టులు ఉడికిపోయారు, ఆపే మార్గం చట్టంలో లేదు. ఈ భాగం అద్భుతంగా పనిచేసింది.

పాడుచేసింది పైన ఉన్న జంట కుర్చీ. ఫస్ట్ మినిస్టర్, డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్ పేరుకే పెద్దా చిన్నా, అధికారం సమానం. ఒకరు రాజీనామా చేస్తే రెండోవారి పదవీ పోతుంది. అంటే అలక పాన్పు ఎక్కే హక్కు చట్టంలోనే రాసిచ్చారు. ఫలితం: 2002 అక్టోబర్ నుంచి 2007 మే దాకా మూత. 2017 జనవరిలో మెక్‌గిన్నెస్ రాజీనామాతో మూడేళ్లు మూత. 2022 ఫిబ్రవరిలో డీయూపీ రాజీనామాతో రెండేళ్లు మూత, 2024 ఫిబ్రవరి 3న తెరిచారు.

కృష్ణాతీరం:
మూతపడ్డప్పుడు రోడ్లు, ఆసుపత్రులు ఎవరు చూశారు?

వానాకాలం:
2002-07లో లండన్ మంత్రులు. 2017 తర్వాత శాఖల కార్యదర్శులు. అదీ సాఫీగా కాదు. మల్లస్క్ దగ్గర చెత్త దహన ప్లాంటుకి కార్యదర్శి అనుమతిచ్చారు. మంత్రి లేకుండా ఇంత పెద్ద నిర్ణయం చెల్లదని 2018లో హైకోర్టు, ఆపై అప్పీలు కోర్టు అన్నాయి. దాంతో అధికారులు ఏ ఫైలు ముట్టుకోవాలన్నా జంకే పరిస్థితి. చివరికి లండన్ అదే ఏడాది ప్రత్యేక చట్టం చేసి, ప్రజాప్రయోజనం ఉంటే కొన్ని నిర్ణయాలు తీసుకోవచ్చని అధికారులకు వెసులుబాటు ఇచ్చింది. 1998లోనే "మంత్రి లేకపోతే" అన్న పేరా రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

2022లో ఇంకో మరమ్మతు చేశారు: జంట కుర్చీ ఖాళీ అయినా మిగతా మంత్రులు వెంటనే దిగిపోనక్కర్లేదు, ఆరు వారాల చొప్పున 24 వారాల దాకా గడువు. మంచి ఆలోచనే. కానీ స్పీకర్ ఎన్నికకు రెండు వర్గాల మద్దతూ కావాలన్న నియమాన్ని ముట్టుకోలేదు. డీయూపీ స్పీకర్‌ని ఎన్నుకోనివ్వలేదు, సభ కూర్చోలేదు, 24 వారాలూ కరిగిపోయాయి. సభ్యుల జీతంలో 27.5 శాతం కోసినా కదలిక లేదు.

లెక్కలమాస్టారు:
వీటో సంగతి కూడా చెప్పండి. పిటిషన్ ఆఫ్ కన్సర్న్.

వానాకాలం:
108 మంది సభలో 30 మంది సంతకం చేస్తే ఏ బిల్లుకైనా రెండు వర్గాల ఆమోదం తప్పనిసరి. ఒక వర్గాన్ని మరొకటి తొక్కకుండా కాపాడటానికి పెట్టింది. 30 అన్న అంకె వేసినవాళ్లు ఒకే పార్టీకి 38 సీట్లు వస్తాయని ఊహించలేదు. 2011లో డీయూపీకి వచ్చాయి. ఆ సభాకాలంలో ఈ పిటిషన్ వందకు పైగా వాడారు, సంక్షేమ చట్టం మీద, స్వలింగ వివాహం మీద, వర్గాల కలహంతో సంబంధం లేనివాటి మీద కూడా. సభను 90కి కుదించాక, 2017లో వాళ్లకు 28 వచ్చాయి, తాళం జారింది. ఇప్పుడు కనీసం రెండు పార్టీల సభ్యులు సంతకం చేయాలి, 14 రోజులు ఆగాలి. నా లెక్కలో వీటో పెట్టేటప్పుడు రాయాల్సినవి మూడు: ఏ విషయాలకు వర్తిస్తుంది, ఒక్క పార్టీ చాలా, ఎన్నాళ్లు ఆపగలదు. 1998లో మూడూ వదిలేశారు.

తూర్పుగాలి:
ఆయుధాలు, పోలీసుల సంగతి ఎవరూ ఎత్తలేదు. బెల్‌ఫాస్ట్ ఒప్పందంలో ఆయుధాల గడువు రెఫరెండం నుంచి రెండేళ్లు, అంటే 2000 మే. నేషనలిస్టు సాయుధ సంస్థ ఐఆర్ఏ పూర్తిచేసింది 2005 సెప్టెంబర్‌లో. అయిదేళ్ల ఆలస్యం. అయినా ఒప్పందం చావలేదు, ఎందుకంటే తనిఖీ ప్రభుత్వం చేతిలో కాక కెనడా జనరల్ డి షాస్టెలా నాయకత్వంలోని అంతర్జాతీయ కమిషన్ చేతిలో ఉంది. ఆఖరి విడతకు ఒక క్యాథలిక్ ఫాదర్, ఒక మెథడిస్ట్ పాస్టర్ సాక్షులు. ఫొటో అడగొద్దు, సాక్షిని పంపండి అన్న ఏర్పాటు.

పోలీసుల విషయంలో ఒప్పందమే ఒక కమిషన్‌కి అప్పజెప్పింది. ప్యాటెన్ నివేదిక 1999 సెప్టెంబర్‌లో, 175 సిఫార్సులు. 2001 నవంబర్‌లో పోలీసు దళం పేరు మారింది, ఆ తర్వాత చిహ్నమూ మారింది. నియామకాల్లో సగం క్యాథలిక్‌లు, సగం మిగతావారు, పదేళ్ల పాటు. 8 శాతం ఉన్న క్యాథలిక్‌లు దాదాపు 30 శాతానికి చేరారు. పైన 19 మంది పోలీసింగ్ బోర్డు, పదిమంది సభ్యులు అదే డీ-హోంట్ లెక్కన, తొమ్మిదిమంది స్వతంత్రులు. 2001లో మొదలైన దీనికి షిన్ ఫేన్ మద్దతు తెలిపింది 2007 జనవరిలో. అప్పటిదాకా వాళ్ల కుర్చీలు లేకుండానే బోర్డు నడిచింది. జంట కుర్చీకి, బోర్డుకి తేడా అదే. ఒకరు రాకపోతే ఒకటి మూతపడుతుంది, ఇంకోటి వాళ్లు వచ్చేదాకా ఆగకుండా పనిచేస్తుంది.

మూసీఒడ్డు:
నేపాల్ సంగతి గూడ ఒక్క మాట. 2006 నవంబర్ 21 సమగ్ర శాంతి ఒప్పందం. ఐక్యరాజ్యసమితి లెక్కల 19,602 మంది మావోయిస్టు సైనికులు తేలిన్రు, 7 పెద్ద శిబిరాలు, వాటి కింద 21 చిన్నయి. వీళ్లను సైన్యంల ఎట్ల కలుపాలె, ఎంతమందిని, ఏ ర్యాంకుల అన్నది ఒప్పందంల రాయలె, ఒక కమిటీకి ఇడిసిపెట్టిన్రు. ఆ అంకె కుదిరేటందుకు అయిదేండ్లు పట్టింది: 2011 నవంబర్ 1 ఏడు సూత్రాలల్ల 6,500 దాకా అన్నరు, వద్దనుకున్నోళ్లకు ర్యాంకును బట్టి 5 నుంచి 8 లక్షల నేపాలీ రూపాయలు. అప్పటికి శిబిరంల కూసున్నోళ్లకు వయసు మీరింది, పెండ్లిళ్లయినయి, పిల్లలైన్రు. ఆఖరికి సైన్యంల కలిసింది పద్నాలుగు వందల చిల్లర. మిగిలినోళ్లల్ల చానామంది చెక్కు తీసుకొని పోయిన్రు.

చిత్తుప్రతి:
ఇవన్నీ చూశాక, ముసాయిదా రాసేవాళ్లు ప్రతి క్లాజు పక్కనా వేసుకోవాల్సిన గళ్లు ఏమిటో అడగాలనిపిస్తోంది. నాకు తోచినవి: ఏ చట్టం లేదా రాజ్యాంగ అధికరణ, ఎవరు, ఏ తేదీకి, ఆ తేదీ దాటితే ఏమవుతుంది.

లెక్కలమాస్టారు:
నాలుగో గడే ముఖ్యం. దాన్ని "ఇరుపక్షాలూ సంప్రదించుకుంటాయి" అని నింపితే ఖాళీగా వదిలినట్టే. "ఫలానా తేదీకి సరిహద్దు కమిషన్ నివేదిక ఇవ్వకపోతే జత చేసిన జాబితాయే అమల్లోకి వస్తుంది" అని రాయాలి. అప్పుడు ఆలస్యం ఎవరికి లాభమో వాళ్లే తొందరపడతారు. జాబితా, పటం, డబ్బు పద్దు: ఈ మూడూ సంతకానికి ముందే జత కావాలి. తర్వాత చూద్దామన్నది ఏదైనా అడ్డుచెప్పే వాడి చేతిలోకి పోతుంది.

తూర్పుగాలి:
ఒక సవరణ. అన్ని ఖాళీలూ చెడ్డవి కావు. మిజో ఒప్పందంలో "రాష్ట్రం కోరుకుంటే సొంత హైకోర్టు" అని ఉంది. ఇప్పటికీ ఐజాల్‌లో గౌహతి హైకోర్టు బెంచే. ఎవరూ అలగలేదు, ఎందుకంటే అడిగే హక్కు రాసుంది, గడువు లేదు, దాని మీద వేరే క్లాజు ఏదీ ఆధారపడలేదు. కేంద్ర విశ్వవిద్యాలయం మాట 1986లో ఇచ్చారు, వచ్చింది 2001లో. ఆలస్యమే, కానీ దానికోసం సభ ఆగలేదు. ఖాళీ వదలాలంటే మిగతా భవనం బరువు మోయని చోట వదలాలి.

కృష్ణాతీరం:
మరి సమీక్ష క్లాజు? 1956 ఒప్పందంలో పదేళ్ల తర్వాత సమీక్షిస్తామని ఉంది. ఎవరు సమీక్షించాలో లేదు, సమీక్షా జరగలేదు. ఉత్తర ఐర్లాండ్‌లో ఆ పని ఎవరిది?

వానాకాలం:
2006 సెయింట్ ఆండ్రూస్ ఒప్పందం తర్వాత చట్టంలోనే ఒక స్థాయీ కమిటీ పెట్టారు, అసెంబ్లీ, మంత్రివర్గాల పనితీరును సమీక్షించడానికి. కాగితం మీద ఏ లోటూ లేదు. అయితే అది అసెంబ్లీ కమిటీ. అసెంబ్లీ మూతపడ్డ ఆ మూడేళ్లూ, ఈ రెండేళ్లూ అదీ మూతే.